ఆనకట్ట కింది బండల మీద మా చిన్నాయన

మా చిన్నతనంలో మోదుగులు పూశాయంటే చాలు... నాంపల్లిలోని మా ఇంట్లో గాలాలు అటక దిగేవి.

మా బాపు అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసేవారు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, స్టేషన్ దగ్గరి కిరాయి సైకిళ్ల దుకాణంలో పనిచేసేవాడు. కృష్ణలో నీళ్లు తగ్గే ఫాల్గుణ, చైత్ర మాసాలే ఆ అన్నదమ్ములిద్దరికీ అసలైన పండుగ. నది మీది ఆనకట్టకు పైన జలాశయం సముద్రంలా ఉండేది. కింద మాత్రం నది చిక్కిపోయి, బండల నడుమ మడుగులుగా మిగిలేది. పెద్ద రవ్వ చేపలు, బొచ్చె చేపలు ఆ మడుగుల్లోనే దాక్కుంటాయని చిన్నాయన నమ్మకం.

ముందురోజు సాయంత్రం తవుడు, పల్లిచెక్క కలిపి ఎర ముద్ద చేసి, అందులో చుక్క అత్తరు వేసేవాడు.

"చేపలకు షాదీ చేస్తున్నవా మరిదీ?" అనేది మా అమ్మ.

"కృష్ణ చేపలకు జర నఖ్రాలెక్కువ వదినా. ఉత్త తవుడు వాసన చూడయి."

ఆ సంవత్సరం మాఘమాసంలోనే చిన్నాయన పెళ్లయింది. కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నమ్మ సర్వపిండి మూటగట్టి ఇస్తూ అన్నది... "పోయినప్పుడల్లా పెద్ద చేప అంటవు. ఇప్పటిదాక తోక గూడ తేలే."

"గీసారి తెస్తా చూడు" అన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. ఏడ్చి సాధించి, నేనూ వెంట వెళ్లాను. గౌలిగూడ బస్టాండులో తొలి బస్సు ఎక్కాము.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా పట్నంలో మధ్యాహ్నం పన్నెండుకు మిల్లు సైరన్ మోగేది. వీధిలోని వారంతా గడియారాలు సరిచేసుకునేవారు. సైరన్ అంటే మాకు వేళ తెలిపేది... అంతే. దానికి మరొక అర్థం ఉండగలదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నన్ను ఒడ్డున చెట్టు నీడలో కూర్చోబెట్టి, వారిద్దరూ మోకాటిలోతు పాయ దాటి, నది నడుమనున్న బండ ఎక్కారు. కొంతసేపటికి ఆనకట్ట వైపు నుండి సైరన్ మోగింది. బాపు అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకున్నారు. పదకొండైనా కాలేదు. గాలికి ఆయన మాటలు ఒడ్డు దాకా వినిపించాయి.

"గీ ఊరోళ్లకు గప్పుడే పన్నెండు కొట్టిందిరా."

"నువ్వే పోయి బాగుచెయ్యరాదే అన్నా" అన్నాడు చిన్నాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

సైరన్ మళ్లీ మోగింది. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఒక స్త్రీ తడి బట్టలు అక్కడే వదలి, నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చింది. "బిడ్డా, వాళ్లు మీవాళ్లా? నీళ్లు ఇడుస్తున్రు. పిలువు, గట్టిగ పిలువు" అన్నది. ఆమె పిలిచింది. నేనూ పిలిచాను. అప్పటికే నీటి హోరు మొదలైంది... మా గొంతులు అందులో మునిగిపోయాయి.

బాపు తిరిగి చూసేసరికి పాయ నడుము లోతైంది. సరిగ్గా అప్పుడే చిన్నాయన గాలానికి చేప పడింది. దారం బిగుసుకుని కర్ర వంగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. బాపు ఆయన భుజం పట్టి లాగారు. చిన్నాయన ఏదో చెప్పి, బాపును ముందుకు తోశాడు. ఆ మాట నాకు వినపడలేదు. చాలా ఏళ్ల తరువాత బాపు అమ్మతో అంటుండగా విన్నాను... "నువ్వు నడువన్నా, దీన్ని ఇడిచిపెట్టి ఏం మొఖం పెట్టుకొని పోవాలె" అన్నాడట.

బాపు ఛాతీలోతు నీళ్లలో కొట్టుకొస్తుంటే, ఆ స్త్రీ నానిన చీర విసిరింది. ఆమె, నేను, మరెవరో మనిషి కలిసి లాగాము. బాపు ఒడ్డెక్కి వెనుదిరిగి చూశారు. చిన్నాయన బండ కొనమీద నిలబడి ఉన్నాడు. కర్ర చేతిలో లేదు. నన్ను చూసి, భయపడవద్దన్నట్లు చెయ్యి ఊపాడు. ఆ తరువాత బండ కనిపించలేదు.

దిగువ ఊరి జాలరులు వెతికి, ఆయన దేహాన్ని తెచ్చి ఇచ్చారు. సైరన్ మోగించినవారి తప్పు ఇందులో లేదు. వారు ముందుగానే హెచ్చరించారు. మాకే అర్థం కాలేదు.

చిన్నమ్మను ఆమె పుట్టింటివారు తీసుకువెళ్లి, కొన్నాళ్లకు మళ్లీ పెళ్లి చేశారు. మంచి పనే చేశారని నేటికీ భావిస్తాను. బాపు దుకాణం మానలేదు. కాని ప్రతిరోజూ మధ్యాహ్నం సైరన్ మోగినప్పుడు పనిముట్టు బల్లమీద పెట్టి, అది ఆగేదాకా కదలకుండా కూర్చునేవారు. తమ్ముడి పేరు మాత్రం బ్రతికినంతకాలం ఉచ్చరించలేదు. ఆయన ఎదుట మేమూ ఉచ్చరించలేదు. నా చదువు మధ్యలో ఆగిపోయింది. తరువాత గన్‌ఫౌండ్రీలో పగలు పని, రాత్రి కళాశాలలో పాఠాలు... అలా నేను పట్టభద్రురాలినయ్యాను. ఈ మాట గర్వంగానే వ్రాస్తున్నాను. డిగ్రీ పట్టా చూపించిన రోజున బాపు "వాడుంటే మిఠాయి పంచెటోడు" అన్నారు. అప్పుడు కూడా "వాడు" అనే అన్నారు.

ఇప్పుడు సెలవు రోజుల్లో పట్నం పిల్లలు కార్లలో ఆ జలాశయానికి వెళ్లి, ఖరీదైన గాలాలతో దిగిన ఫొటోలు ఇక్కడ, ఈ గ్రూపులో పెడుతున్నారు. చూస్తూ ఉంటాను... వద్దని చెప్పే అధికారం నాకు లేదు. దిగేముందు ఒడ్డున ఉన్నవారిని ఒక్క మాట అడగండి, చాలు.

బాపు పోయారు, అమ్మా పోయింది. చిన్నాయన ఫొటో మా దగ్గర లేదు. పెళ్లిలో తీయించిన ఒక్కటీ చిన్నమ్మతోనే వెళ్లింది. ఆయన ముఖం ఎరిగినవారు మా ఇంట్లో ఇక నేనొక్కదాన్నే. ఆయన పేరు నరహరి. ఇన్నేళ్లకు మొదటిసారి వ్రాస్తున్నాను.

మీ ఇళ్లలోనూ పేరెత్తని మనిషి ఒకరుంటే... కథ చెప్పనక్కరలేదు. ఆ పేరొక్కటి కింద వ్రాయండి. నేను చదువుతాను.