అవిసె కాయల కోసం పర్చూరు

వైశాఖంలో వచ్చిన గాలివాన మా తమలపాకు తోటలో అవిసె చెట్లన్నిటినీ పడగొట్టింది. తమలపాకు తీగ పాకేది అవిసె మీదే. పడిన తీగలకు తాటాకులు కప్పి ఎలాగో బతికిస్తున్నాం. తొలకరికి మళ్లీ అవిసె మొలవకపోతే మా నాన్న పెంచిన తోట నా చేతుల్లో పోతుంది. చెప్పులు గట్టున విడిచిగాని మేం లోపల అడుగుపెట్టని తోట అది. ఊళ్లో ఎవరి దగ్గరా విత్తనం లేదు. పర్చూరు వైపు ఎక్కడ చూసినా అవిసేనని ఎవరో చెబితే బయల్దేరాను.

నిడుబ్రోలులో ఉదయం ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కి, ఎనిమిదింటికి చీరాలలో దిగాను. స్టేషను ఎదుట పెసరట్టు తిని, అల్లం పచ్చడి ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ పర్చూరు బస్సెక్కాను. పక్కసీటులో చీరల మూటతో ఒకాయన కూర్చున్నాడు.

"అవిసె కాయల కోసం ఇంత దూరమా? మీకు ఓపికెక్కువండీ!" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది.

పర్చూరులో చెట్లకు కొదవ లేదు. కాయే లేదు. పాడి గేదెలకు అవిసె మంచి మేత కదా, పూత రాకముందే కొమ్మలు నరికి వేసేస్తారు. ఈ మాట ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. విత్తనానికి వెళ్లేవారెవరైనా పాడి ఎక్కువున్న ఊరు మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో వీధి వీధీ తిరిగాను.

చివరికి ఊరి అంచున ఒక పెద్దావిడ పెరట్లో అవిసె చెట్టు, నిండా ఎండుకాయలు!

"దీన్ని నరకలేదేమమ్మా?" అన్నాను.

"నరికి ఎవరికెయ్యను నాయనా? మా గేదె పోయి ఏడాదయింది. ఆ కొమ్మ తుంచబుద్ధి కాలా."

నా ప్రాణం లేచివచ్చింది. గేదె పోవడం నాకు కలిసొచ్చినందుకు ఆవిడ ముందు సిగ్గు కూడా వేసింది. తమలపాకు తోట సంగతి చెప్పగానే ఆవిడే కాయలు దులిపి, పాత చీర ముక్కలో మూటకట్టి ఇచ్చింది. డబ్బిస్తే చెయ్యి చాపలేదు.

"ఆకు కోతకొచ్చాక నాలుగు తెచ్చిపెట్టు, చాలు," అంది.

"నేనే తెస్తానమ్మా," అన్నాను.

సాయంత్రం ఆరింటికి చీరాలలో తిరుగు బండి దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, మూట ఒళ్లో పెట్టుకుని, పొద్దుటినుంచి మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. బాపట్ల దాటాక ఎదుటి పెద్దమనిషి నా కాళ్లకేసి చూశాడు.

"చెప్పులు అలా విడిచేశారేమండీ? తొడుక్కోండి, జనం తొక్కిడికి ఎటో పోతాయి."

ఎప్పుడు విడిచానో నాకే తెలియదు.

"ఇప్పుడు తొడుక్కోకూడదండీ," అన్నాను. "తోట ఒళ్లో ఉంది."