ఉడకేసిన కాయ

ఎవరు ఏ ఫైలిచ్చినా ముందు ఆ ఫైలు పేరు చివరి అక్షరాలు చూస్తాను. ఈ అలవాటు జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సులో అబ్బింది.

వీడియో గేముల్లో గోడలకు ఇటుక, తుప్పు, నాచు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అప్పుడే నేర్చుకుంటున్నాను. స్నేహితుడితో కలిసి చేసిన ఇటుకగోడను ఇంకా మెరుగుపరిచి ఉద్యోగానికి చూపించుకోవాలని నా ఆశ. విడిపోయేటప్పుడు వాడే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు, “అంతా నీదేరా” అని. తీరా బస్సులో తెరిచి చూస్తే ఒక్క పగులు కూడా దిద్దనివ్వడం లేదు.

పక్క సీట్లో వేరుశనక్కాయలు తింటున్న అమ్మాయి నా ల్యాప్‌టాప్ వైపు వంగింది. తనదీ అదే పనట.

“పేరు చివర చూడండి, ఇది ఎస్‌బిఎస్‌ఏఆర్ ఫైలండి, వాడుకోవడానికే. రంగూ అదీ కాస్త మారుద్దేమో. లోపల దిద్దాలంటే అసలుది, ఎస్‌బిఎస్ ఫైలుండాలి.”

“ఇందులోంచి అది తీయలేమా?”

పొట్లంలోంచి ఒక కాయ నా చేతిలో పెట్టింది. “ఉడకేసిందండి. తినొచ్చు. నాటితే మొలవదు.”

“పొరపాటున ఇచ్చాడేమో...”

“పొరపాటున రాదండి. అసలుది తన దగ్గరుంచుకుని, కావాలని చేస్తేనే వస్తది.”

నందిగామలో దిగబోతూ అడిగింది. “ఎవరిచ్చారండి, ఫ్రెండా?”

“కాదండి, ఎవరో,” అన్నాను. చేతిలో కాయ ఇంకా వెచ్చగానే ఉంది.