సన్యాసిరావు చుట్ట మానిన వేసవి

ఆ ఏడు వైశాఖంలో బిలాస్‌పూర్ లోకో షెడ్డు డ్రైవరు సన్యాసిరావుని ఇంజను దిగమన్నారు. బండి నడపడంలో అతని వల్ల తప్పేమీ జరగలేదు. ఏటా చేసే కళ్ళ పరీక్షలో, బల్ల మీద పరిచిన రంగురంగుల ఉన్ని పోగుల్లోంచి ఎర్రవి ఏరమంటే, ఆకుపచ్చవి కూడా కలిపి ఏరాడు. రైల్వే ఆస్పత్రి డాక్టరు ముసలి బెంగాలీ. నెమ్మదిగా చూసి మళ్ళీ ఏరమన్నాడు. రెండోసారీ అంతే.

రోజుకెన్ని చుట్టలు కాలుస్తావని డాక్టరు అడిగాడు. లెక్కపెట్టలేదన్నాడు సన్యాసిరావు. పొగాకు విషం కంటి నరాన్ని తినేస్తోందనీ, పూర్తిగా మానేస్తే చూపు తిరిగి రావచ్చనీ, నెల సెలవు రాస్తాననీ ఆయన చెప్పాడు. ఊళ్ళ మీద పడి తిరగమన్నాడు. చేతులకి ఏదో ఒక పని పెట్టుకోమన్నాడు, ఖాళీగా ఉంచితే అవి చుట్టనే వెతుక్కుంటాయట. నెల తర్వాత కూడా రంగులు తెలియకపోతే ఇంజను సంగతి మరిచిపోవాల్సిందే.

సన్యాసిరావు విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, షెడ్డులో బొగ్గు ఎత్తి, ఫైర్‌మన్ అయి, ఆ పైన డ్రైవరైన మనిషి. ఇరవై ఏళ్ళలో ఏనాడూ రెండు పగళ్ళు వరసగా క్వార్టరులో కూర్చోలేదు. ఇప్పుడు యార్డులో ఏ ఇంజను కూత వేసినా గుమ్మంలోకి లేచి వచ్చేవాడు. అది ఏ ఇంజనో, ఎవరు నడుపుతున్నారో కూతని బట్టే తెలిసిపోయేది. మళ్ళీ లోపలికెళ్ళి మంచం మీద కూర్చునేవాడు, మంచం దిగి కుండలో నీళ్ళు తాగేవాడు, తాగిన లోటా ఎక్కడ పెట్టాడో మరిచిపోయి భార్య మీద అరిచేవాడు.

భార్య చిన్నతల్లి అతని మేనమామ కూతురు. ఆమెకీ చుట్ట అలవాటే. వాళ్ళ వైపు ఆడవాళ్ళు కాల్చినట్టు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. మొగుడు ఆస్పత్రి నుంచి వచ్చి సంగతి చెప్పిన సాయంత్రమే తన పొగాకు కట్ట తీసుకెళ్ళి పక్క క్వార్టరు మంగాయమ్మకిచ్చేసింది. ఎందుకిచ్చేశావే అని అడిగితే, "నా నోటెంట పొగొత్తుంటే నువ్వెలగ మానుతావు బావా?" అంది.

మర్నాటి నుంచి ఇద్దరూ తెల్లారగట్లే బయల్దేరేవారు. ఎండ ముదిరేలోగా ఒక ఊరు చేరి, నీడపట్టున గడిపి, చల్లబడ్డాక తిరిగి వచ్చేవారు. అర్పా నదిలో నీళ్ళు ఎండి ఇసక మీద పుచ్చపాదులు పాకేవి. లింగియాడీహ్‌లో ఒక ముసలి రైతు వాళ్ళని పందిరి కింద కూర్చోబెట్టి, రాత్రి నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం, ఉల్లిపాయ పెట్టాడు. దాన్ని బాసీ అంటారు అక్కడ. మన చద్దన్నమే అని చిన్నతల్లి సంబరపడింది. తిన్నాక ఆ రైతు ఆకుచుట్టలో పొగాకు కూరి అతిథికిచ్చాడు. సన్యాసిరావు అందుకున్నాడు. చిన్నతల్లి అతని వైపు చూడకుండా చేతిలోని విసనకర్ర వేగంగా ఊపడం మొదలుపెట్టింది. అతను దాన్ని కాసేపు వేళ్ళ మధ్య దొర్లించి, వాసన చూసి, వెనక్కి ఇచ్చేశాడు. తిరుగుదారిలో ఎంత వేగంగా నడిచాడంటే ఆమె పరుగెత్తవలసి వచ్చింది.

చేతుల పని కూడా అంత తేలిగ్గా కుదరలేదు. తిఫ్రాలో వెదురు పనివాళ్ళ దగ్గర కూర్చుని బుట్ట అల్లబోయి వేళ్ళు కోసుకున్నాడు. పిల్లనగ్రోవి కొని, మూడు పూటలు ఊది, ఇరుగుపొరుగు గొణుగుతుంటే అటక మీద పడేశాడు. చివరికి గతౌరా పొలిమేరలో గాలికి విరిగిపడిన బూరుగు కొమ్మ ఒకటి దొరికింది. మెత్తటి కర్ర. చాకుతో గీస్తూంటే వెన్నలా తెగింది. సాయంత్రానికి దానికి ముక్కూ, తోకా వచ్చాయి. అది చిలక అవుతుందని ఇద్దరికీ ఒక్కసారే తోచింది.

అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా చాకు వెంటే ఉండేది. పావురం, లేడి, మెడ మరీ పొడుగైన కొంగ. ఏదీ పూర్తిగా కుదిరేది కాదు. సగంలో వదిలేసి ఇంకోటి మొదలెట్టేవాడు. రంగులు చిన్నతల్లి తయారుచేసేది. ఎండిన మోదుగపూలు మరిగిస్తే కాషాయం, పసుపు, చిక్కుడాకు పసరు, ఊళ్ళో ఆడవాళ్ళు కాళ్ళకి పెట్టుకునే ఎర్రటి లత్తుక. రంగులు పూసే పని మాత్రం తనదేనని అతను పట్టుబట్టాడు. ఒక మధ్యాహ్నం చిలకకి ఒళ్ళంతా లత్తుక పూసి, ముక్కుకి ఆకుపసరు పెట్టి, ఎలగుందే అని అడిగాడు. చిన్నతల్లి బాగుందంది. ఆ మాట అనడానికి ఆమెకి ఒక్క క్షణం ఎక్కువ పట్టింది. సన్యాసిరావు ఆ క్షణాన్ని పట్టుకున్నాడు.

నెల నిండవస్తుండగా పాత స్నేహితుడు జగన్నాథం వచ్చాడు. షెడ్డులో ఫిట్టరు, సన్యాసిరావు కోసం ఎంతకైనా తెగించే మనిషి. పరీక్షకి పెట్టే ఉన్ని సంగతి కనుక్కొచ్చానన్నాడు. ఎర్ర పోగులు నున్నగా ఉంటాయట, ఆకుపచ్చవి చేతికి బరకగా తగులుతాయట. ఎక్కడో సంపాదించిన రెండు రకాల ఉన్నీ జేబులోంచి తీసి మంచం మీద వేశాడు. "కళ్ళు మూసుకుని తడిమి చూడు. అంతే, ఇంకేటి లేదు," అన్నాడు. సన్యాసిరావు తడిమాడు. నిజమే, తెలిసిపోతోంది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మరో రెండు రోజులకి గతౌరా వెళ్ళి, తిరుగు పాసింజరు కోసం స్టేషన్లో నిలబడ్డారు. పొద్దు గూకి సిగ్నలు చెయ్యి మసకబారింది, దీపం మాత్రం వెలుగుతోంది. సన్యాసిరావు దాన్ని చూసి మూట భుజానికెత్తుకున్నాడు.

"ఆకుపచ్చ పడిపోనాదే. బండొచ్చేత్తంది, లే."

చిన్నతల్లి లేవలేదు. "ఎర్రగా ఉంది బావా," అంది.

అతను మళ్ళీ చూశాడు. కళ్ళు నులుముకుని చూశాడు. దీపం దీపంలాగే ఉంది. ఆ దీపం ముందు ఇంజనులో తానూ, తన వెనక జనం నిండిన పెట్టెలూ కళ్ళ ముందు మెదిలాయి. మూట దించేశాడు. పాసింజరు వస్తే ఎక్కాడు గాని కూర్చోలేకపోయాడు. బిలాస్‌పూర్ దాకా తలుపు కమ్మీ పట్టుకునే నిలబడ్డాడు.

పరీక్ష రోజున డాక్టరు ఉన్ని పరిచాడు. సన్యాసిరావు వేళ్ళు వాటి మీదికి వెళ్ళాయి, ఎర్రవన్నీ ఒక్కటీ తప్పకుండా ఏరి పక్కన పెట్టాయి. డాక్టరు ముఖం వికసించింది. కాగితం దగ్గరికి లాక్కుని కలం తీశాడు.

"బాబుగారూ, రాయకండి," అన్నాడు సన్యాసిరావు తనకొచ్చిన హిందీలో. "చేత్తో ఏరాను. కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఈ ఉపాయం ఎవరు చెప్పారని అడగలేదు. పోగులన్నీ కలిపేసి, ఒక్కొక్కటే దూరంగా ఎత్తి చూపించాడు. పదింట్లో ఆరు సరిపోయాయి. క్రితం సారి అవి కూడా లేవనీ, నరం ఇంకా చావలేదనీ, ఓపిక పట్టమనీ చెప్పి, అతన్ని షెడ్డులో బాయిలర్లు కడిగే పనికి రాశాడు.

ఆ మాట విని జగన్నాథం మండిపడ్డాడు. చేతికందిన ఇంజనుని కాలదన్నుకున్నావని కేకలేసి, దసరా దాకా ఆ గుమ్మం తొక్కలేదు. వానాకాలమంతా సన్యాసిరావుకి నరకమే. తను నడిపిన ఇంజన్ల కడుపులు కడగడం, వాటిమీద నిన్నటిదాకా తన దగ్గర ఫైర్‌మన్‌గా చేసిన బంగార్రాజు డ్యూటీకి ఎక్కి వెళ్తూంటే పక్కకి తప్పుకోవడం. రెండుసార్లు చుట్ట కొన్నాడు. రెండుసార్లూ వెలిగించకుండానే బొగ్గుగుట్టలో విసిరేశాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున చిన్నతల్లి పెరట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. పండువి, పచ్చివి కలిసి ఉన్నాయి. పని మీదికి బయల్దేరినవాడు ఆగి, చాప పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కటొక్కటే విడదీయసాగాడు. ఒక్కటీ తప్పు కుప్పలో పడలేదు. పనికి ఆలస్యమవుతున్నా చాప మొత్తం విడదీసేదాకా లేవలేదు.

ఆ వారమే డాక్టరు అతన్ని పాసు చేశాడు. మెయిలు బండి ఇవ్వలేదు, గూడ్సు ఇచ్చారు. పింఛను దాకా గూడ్సే నడిపాడు. చుట్ట ముట్టలేదు గాని కుదురు మాత్రం రాలేదు. సెలవు దొరికితే చాలు, చాకు జేబులో వేసుకుని, ఏ ఊరు పోదామే అని అడుగుతూ గుమ్మంలో నిలబడేవాడు. చిన్నతల్లి నీళ్ళ చెంబు నింపుకునేలోపే వీధి మలుపు తిరిగిపోయేవాడు.