అల్సరు కాదు సహోదరులారా

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మూడు నెలలపాటు అన్నం ముద్ద మింగితే రాయి మింగినట్టుండేది, పొట్టలో నిప్పు, అనకాపల్లి బెల్లం మార్కెట్లో నలభై ఏళ్లు దిమ్మలు మోసిన నా భుజాలు చొక్కాలోనే కనపడకుండా పోయేయి, మా అబ్బాయి సామ్యేలు నన్ను విశాఖపట్నం తీసుకెళ్లి గొంతులో ట్యూబు వేయించి, స్కానింగు తీయించి, "అల్సరు నాన్నా, కారం మానెయ్" అన్నాడు. మీకూ అదే చెప్పేడు. మీరు ప్రతి ఆదివారం లేచి నిలబడి నా అల్సరు కోసం కన్నీళ్లతో ప్రార్థన చేసేరు, అది మరచిపోను. కానీ లేని జబ్బు కోసం చేసేరు. ఇక మీదట క్యాన్సర్ అనే అనండి.

నేను బడి మొహం చూడలేదు. తెలుగు బైబిలు పట్టుకుని కూడబలుక్కుని నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు రైల్వే స్టేషన్ బోర్డు దగ్గర నిలబడి నేర్చుకున్నాను, ఆ తరవాత పాత పుస్తకాల కొట్లో డిక్షనరీ కొనుక్కున్నాను. అలాంటి నన్ను ఆసుపత్రిలో బస్తాలాగ ఓ పక్కన కూర్చోబెట్టి అందరూ మా అబ్బాయితోనే మాట్లాడేరు. ఓరోజు వాడు డ్యూటీకెళ్లేక బీరువా మీంచి ఫైలు తీసేను. ఒక ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయేను. డిక్షనరీలో వెతికితే క్యాన్సర్ అని ఉంది. కాలేయానికి పాకిందని కూడా ఆ కాగితంలోనే ఉంది.

జబ్బు సంగతి తరవాత, ముందు కొడుకు మీద కోపమొచ్చింది. సాయంత్రం వాడు రాగానే "ఏట్రా ఇది?" అన్నాను.

వాడు ఫైలు చూసి గోడకి ఆనుకున్నాడు. "సెప్తే మంచం ఎక్కేత్తావని భయం నాన్నా. కీమో అని పెద్ద మందు ఎక్కించడానికి సోమవారం బెడ్డు మాటాడేసేను."

"పొట్ట నాది, బెడ్డు నువ్వు మాటాడేత్తావా?"

"నువ్వు డాక్టరువా ఏటి?"

"డిక్షనరీ ఉన్నోణ్ణి."

వాడు ఏడుస్తూనే నవ్వేడు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ వస్తే సెగగడ్డని చెప్పింది నేనే. నీకేం చెయ్యమంటావమ్మా అని ఒక్కరం అడగలేదు, ఆవిడ ఆఖరి దాకా దాని మీద పసుపు రాసుకుంటూనే ఉంది. నా కోపం అక్కడ చచ్చింది. మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, మా అమ్మకి నేను చేసిందే నా కొడుకు నాకు చేసేడు, మా ఇద్దర్నీ క్షమించు. ఎన్నాళ్లు ఉంచుతావో నీ చిత్తం. నా మాట నేను చెప్పుకోడానికి మాత్రం నోరియ్యి తండ్రీ" అని అడిగేను.

సోమవారం డాక్టరమ్మ ఎప్పటిలాగే సామ్యేలు వైపు తిరిగింది. "అమ్మా, నాతో చెప్పండి. నయమవుద్దా?" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగింది. "పూర్తిగా నయం కాదు తాతగారూ. పెద్ద మందు ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు, కానీ మీ ఒంటికి బరువు. తక్కువ మోతాదు మాత్రలున్నాయి, వాటితో అంత ఫలితం ఉండకపోవచ్చు. అవీ వద్దంటే నొప్పీ వాంతులూ తగ్గించే వైద్యం చేస్తాం. ఏది ఎంచుకున్నా నొప్పికి మందు ఇస్తాం" అంది.

"నొప్పి మందు ఇవాళే మొదలెట్టండి. మాత్రలు రెండు విడతలు మింగుతాను. తట్టుకోలేకపోతే ఆపెయ్యమంటాను, మీరు ఆపెయ్యాలి" అన్నాను. సామ్యేలు ఏదో అనబోయేడు. "పెద్దాయన చెప్పేరు కదా బాబూ" అని ఆవిడ నా మాటే ఫైల్లో రాసింది. నేనడగ్గా చదివి కూడా వినిపించింది. గర్వం పాపమంటారు, అయినా సహోదరులారా, ఆ రోజు నేను గర్వంగానే నడిచి బయటికొచ్చేను.

ఇప్పుడు రెండో విడత నడుస్తోంది. నొప్పి తగ్గింది, గంజి దాటి మెత్తటి అన్నం తింటున్నాను. పొట్టలో గడ్డ కరగలేదు. కరిగితేనే సాక్ష్యం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది, మా ఇంట్లోంచి అబద్ధం పోయింది, భయం పోయింది, నాకూ నా కొడుక్కీ మధ్య దాపరికం పోయింది, అది విడుదల కాదా? నాకు నోరిచ్చిన దేవునికే మహిమ.

మీ ఇళ్లలోనూ పెద్దవాళ్లకి చెప్పలేక కాగితాలు దాచినవాళ్లుంటే, ఆ దేవుణ్ణి నమ్ముకుని వాళ్ల పక్కన కూర్చుని చెప్పండి. గొంతు పెగలకపోతే నన్ను పిలవండి. ఓపికున్నన్నాళ్లూ వస్తాను.