మేనత్తకు అందని రోకలి

పోయిన నెల మిత్రుడి తండ్రిని చూడటానికి హోసూరులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. క్యాన్సర్ వార్డు పక్కన ఒక చిన్న గది ఉంది. రోగులూ ఇంటివాళ్లూ అక్కడికి వెళ్లి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చట. వినడానికి ఒకామె కూర్చుని ఉంటుంది. మంచి ఏర్పాటే. మిత్రుడు మెచ్చుకుంటుంటే నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది. ఆ గది మీద కాదు, మా బంధువుల మీద. మా మేనత్త రోజుల్లో వాళ్లందరూ కలిసి కూడా ఆ ఒక్క కుర్చీ చేసేపాటి పని చేయలేదు.

తొంభైల చివర్లో నేను కృష్ణగిరిలో పాలిటెక్నిక్ చదువుతూ మేనత్త ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆమెకు రొమ్ములో గడ్డ బయటపడితే బెంగళూరులో ఆపరేషన్ చేసి, మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. చూడవచ్చేవాళ్లతో ఇల్లు సంతలా ఉండేది. దేన్నయినా విడగొట్టి పేర్లు పెడితే తప్ప నాకు అర్థం కాదు కనుక, వాళ్లను మూడు రకాలు చేశాను. మొదటివాళ్లు వైద్యులు: జవళగిరి అడవిలో దొరికే ఏదో వేరు అరగదీసి తాగితే చాలు, ఆపరేషన్ దండగ అనేవాళ్లు. రెండోవాళ్లు ఏడ్చేవాళ్లు: గడప దాటకముందే మొదలుపెట్టేవాళ్లు. వాంతులతో నీరసించిన మేనత్తే లేచి కూర్చుని, "ఊరుకోమ్మా, కాపీ తాగి పోదువులే" అని వాళ్లను ఓదార్చేది. మూడోవాళ్లు వేదాంతులు. మత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "పోయిన జన్మంలో చేసింది ఈ జన్మంలో తీరాల కదమ్మా" అన్నాడు.

"నేనేం చేసినానో నీకెట్ల తెలుసప్పా? అప్పుడు గూడా మా పక్కింట్లోనే ఉంటివా?" అంది మేనత్త. ఆయన కాఫీ సగంలోనే లేచాడు.

ఇంతమందిలో ఒక్కరూ "నీకేం కావాల" అని అడగలేదు. అడిగితే చెప్పేది. నాకు చెప్పింది: మరిది కూతురి పెళ్లికి పసుపు దంచాలి. మా వాళ్లలో పెళ్లిపనులు దాంతోనే మొదలవుతాయి. రోకలికి పసుపు రాసి, కంకణం కట్టి, ఐదుగురు ముత్తైదువలు దంచుతారు. ఆ ఇంట్లో మొదటి పోటు పెద్దకోడలిది, అంటే మేనత్తది. "అంతవరకు లేచి తిరిగితే చాలురా" అనేది.

లేచి తిరిగింది. పట్టుచీర కట్టుకుని, కుంకుమ పెద్దగా పెట్టుకుని, జుట్టంతా రాలిపోయిన తల మీద కొంగు కప్పుకుని మరిది ఇంటికి వచ్చింది. రోలు దగ్గరికి నడుస్తుంటే ఆమె తోడికోడలు, పెళ్లికూతురి తల్లి, అడ్డం వచ్చింది.

"అక్కా, నువ్వు లోపల రెస్టు తీసుకో."

"ఒక్క పోటేసి పోతానే."

"వద్దక్కా. శుభమా అని దంచేటప్పుడు ఆ తల చూసి నలుగురూ ఏమన్నా అంటారు."

మందుకు రాలిన జుట్టును వైధవ్యం కింద జమకట్టారు! ముత్తైదువ అంటే భర్త ఉన్న మనిషి. ఆ భర్త, మా మామ, పందిరి కిందే నిలబడి ఉన్నాడు. ఆయన నోట మాట రావడం అరుదు. ఆ రోజు వచ్చింది.

"నేను ఈడ బతికే ఉండాను కదమ్మా. మీకు కనపడలేదా?"

పక్కవీధి నుంచి ఐదో ముత్తైదువను పిలిపించారు. లోపలి గదిలో మంచం మీద కూర్చుని మేనత్త ఆ పోట్లు వింది. వేరు చెప్పినవాళ్లూ, ఏడ్చినవాళ్లూ, కర్మ గురించి చెప్పినవాళ్లూ అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

మరునాడు మామ సంతలో పసుపుకొమ్ములు కొనుక్కొచ్చాడు. పెరట్లో రోలు కడిగి, రోకలికి తానే కంకణం కట్టి మేనత్తను పిలిచాడు.

"ఎవరి పెండ్లికి?" అంది.

"మనదే అనుకో."

ఆపరేషన్ అయిన వైపు ఆమె చెయ్యి పైకి రాదు. మామ రోకలి ఎత్తుతుంటే ఆమె రెండో చెయ్యి ఆనించింది. ఎన్నడూ రోకలి పట్టని మనిషి, పోటు ఎటో పడింది. "రోట్లో పడాల, నా కాలి మీద కాదు" అని మేనత్త నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మామ ఊరుకోమనలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా రోకలి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆ ఏడాది దాటకుండానే మేనత్త పోయింది. దినాలకు అందరూ వచ్చి, "కాలమే మరిపిస్తుందప్పా" అని మామ భుజం తట్టిపోయారు. ఇన్నేళ్లలో కాలం మేనత్త గొంతును నా చెవుల్లోంచి చాలావరకు తీసుకుపోయింది. ఆ రోజు నోరు విప్పనివాళ్ల మీద కోపాన్ని మాత్రం ముట్టుకోలేదు.