మా ఆవిడ పటంలోని నీడ

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. శ్రీకాకుళం నుంచి పాతపట్నం దాకా ఎన్నో సభల్లో సోదెగాళ్లనూ భూతవైద్యులనూ ఎండగట్టినవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బొబ్బిలిలో మా ఇంట జరిగిన ఈ సంగతిని కూడా సాక్ష్యం చెప్పినట్టే చెబుతాను.

మా ఆవిడ నరసమ్మ విషజ్వరంతో పోయింది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఫోటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందనే వాళ్లను వెక్కిరించిన నేనే, సభల హడావిడిలో ఆమెను స్టూడియోకి తీసుకెళ్లడం వాయిదా వేస్తూ వచ్చాను. ఏడాది తిరక్కుండానే ఆమె ముఖం నాకు సరిగా గుర్తురావడం మానేసింది. అది తట్టుకోలేక, నాటకాల తెరలు వేసే సూరన్నను పిలిచాను.

అతడు నరసమ్మను ఎరగడు. ఆమె చెల్లెల్ని ఎదుట కూర్చోబెట్టుకుని, నేను చెప్పిన తేడాలు దిద్దుతూ పది రోజులు వేశాడు. నరసమ్మ కిటికీ పక్కన కూర్చున్నట్టు బొమ్మ. ఒక చెంప చీకటి. వెనక గోడ మీద ఆమె నీడ.

మా మేనత్త చూసి మండిపడింది.

“ఒరే, మొకాన ఆ మసేటిరా? దేవుడి పటాల్లో నీడలుంటాయేటి? పోయినోళ్లకి నీడెయ్యకూడదు. సెరిపించు!”

“నీడ లేకపోతే ముక్కు చెంపకి అతుక్కుపోతుందత్తా. మనిషి కాదు, కాగితమవుతుంది.”

“ఆ ఉపన్యాసం సభలో సెప్పుకో. ఇంట్లో ఇనేవోళ్లు ఎవులున్నార్రా?”

ఆ మాట గుచ్చుకుంది. అయినా నీడ ఉంచమన్నాను.

అత్త తన ఊరు వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం పటం ముందు కూర్చున్నాను. నరసమ్మ కొప్పు నున్నగా ఉంది. గోడ మీది నీడలో మాత్రం, కొప్పు నుంచి వేలెడంత పుల్లలాంటిది పొడుచుకొచ్చి ఉంది.

అది బలపం. ఒకనాడు వేళ కాని వేళ ఇంటికొచ్చి కిటికీలోంచి చూశాను. నరసమ్మ పలక ముందేసుకుని ఒక్కర్తే అక్షరాలు దిద్దుకుంటోంది. నా అడుగుల చప్పుడు విని పలకను బియ్యం డబ్బా వెనక దాచి, బలపం కొప్పులో గుచ్చుకుంది. స్త్రీ విద్య మీద గంటలకొద్దీ మాట్లాడే నేను ఆమె పక్కన ఒక్క పూటా కూర్చోలేదు. సిగ్గుపడి, చూడనట్టే ఊరుకున్నాను. ఆ సంగతి ఆమెతో అనలేదు, మరెవరికీ చెప్పలేదు.

సూరన్నను పిలిచి అడిగాను.

“నాకేటి తెల్సు మేస్టారూ? నీడ ఎలా పడితే అలా ఏసినాను. తప్పయితే సెరిపెత్తాను,” అంటూ కుంచె తీశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

నరసమ్మ చెల్లెల్ని అడిగాను. అక్క పలక పట్టిందనే ఆమెకు తెలియదు. కుంచె జారిందా? వర్ణిస్తూ వర్ణిస్తూ నేనే నోరు జారానా? ఆ పది రోజులూ గుర్తు చేసుకుని చూశాను, ఎక్కడా పొసగలేదు.

కారణం ఉండకపోదు. నాకు తెలియదు, అంతే. తెలిసినవాళ్లు చెబితే వినాలి కూడా. కాని ఆ పటం ఉన్న గదిలోకి నేనిప్పుడు స్నేహితులను, ముఖ్యంగా బాగా వాదించగలవాళ్లను, రానివ్వడం లేదు.