హనుమాన్ జంక్షన్‌లో నాన్న తిప్పి రాసిన బాణాలు

మా చిన్నప్పుడు మా పెరట్లో బట్టల పక్కనే ఊళ్ల పేర్లు కూడా ఆరుతుండేవి... గన్నవరం, ఏలూరు, నూజివీడు, గుడివాడ.

డెబ్భైల్లో మాట. విజయవాడ పటమటలో ఉండేవాళ్లం. మా నాన్న దేవసహాయం, రోడ్ల ఆఫీసుకి బోర్డులు రాసే పెయింటరు. దారానికి సుద్ద పూసి, ఒక కొస నన్ను పట్టుకోమని, రేకు మీద టప్పున కొట్టేవారు. ఆ తెల్లగీత మీద వరసగా అక్షరాలు వేసేవారు.

నాన్న ఎనిమిదో తరగతి దాకా చదివారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆ గొంతు వినడానికి వెనక వరసలో ముసలమ్మలు కునికిపాట్లు మానేసి కూర్చునేవారు...

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వేసవిలో, హనుమాన్ జంక్షన్‌కి రెండు బోర్డులు రాయమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒకటి ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి, రెండోది విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకి. కాగితంలో బొమ్మ మాత్రం ఒక్కటే. ఎడమకి గుడివాడ, కుడికి నూజివీడు. "రెండు బోర్డులూ ఇలాగే" అని కింద రాసి ఉంది.

నాన్న ఆ కాగితం పట్టుకుని వసారాలో కాసేపు అటు తిరిగి నిలబడ్డారు, కాసేపు ఇటు తిరిగి నిలబడ్డారు.

"చిన్నీ, నువ్వు ఏలూరు నుంచి వస్తన్నావనుకో. గుడివాడ ఏ చేతివైపు?"

"ఎడం చెయ్యి."

"మరి మనూరి నుంచి వెళ్తే?"

వెనక్కి తిరిగి చూసుకున్నాను. "కుడి చెయ్యి నాన్నా!"

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ నన్నూ సైకిలు మీద కూర్చోబెట్టుకున్నారు. ఇంజినీరు గారు ఫైలులోంచి తలెత్తలేదు.

"విజయవాడ వైపు బోర్డుకి ఇది తిరగబడుద్దండీ. బాణాలు మార్చి రాయమంటారా?" అన్నారు నాన్న.

"జంక్షన్ ఒకటే, డ్రాయింగ్ ఒకటే. పైవాళ్లు సంతకం పెట్టిన కాగితమయ్యా అది. నీ సొంత తెలివి పెట్టకు."

"ఒక్కసారి చూడండి సార్..."

"రాస్తావా, వేరేవాళ్లకి ఇచ్చుకోమంటావా?"

నాన్న రాశారు. బోర్డులతోపాటు ఆ కాగితమూ ఆఫీసుకి వెళ్లిపోయింది...

నెల తిరక్కుండా, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన విజయవాడ నుంచి నూజివీడులో మీటింగుకి బయల్దేరారట. డ్రైవరుకి దారి కొత్త. బోర్డు నమ్మి కుడికి తిప్పాడు. గుడివాడ పొలిమేరలకి వెళ్లేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. నూజివీడులో జనమంతా ఆయన కోసం చూసి చూసి లేచి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు జీపు మా ఇంటి ముందు ఆగింది. "రంగులు తీసుకుని ఎక్కు" అన్నాడు డ్రైవరు నాన్నతో. సెలవులే కదా అని నేనూ ఎక్కేశాను. జీపు ఎక్కడం అదే మొదటిసారి... గాలికి జుట్టు ఎగురుతుంటే సంబరపడ్డాను కూడా.

జంక్షన్లో పెద్దాఫీసరు, ఇంజినీరు గారు బోర్డు కిందే నిలబడి ఉన్నారు. చుట్టూ టీ కొట్టు జనం.

"చదువు రానివాడండి సార్. చేతికి కాగితం ఇచ్చి మరీ చెప్పాను. ఇలా తగలేశాడు" అన్నారు ఇంజినీరు గారు, నాన్న ముందే.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాదండీ, ఆ కాగితంలోనే..." అన్నాను. నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా నొక్కారు. నేను ఆగిపోయాను.

పెద్దాఫీసరు నన్ను చూశారు. కాగితం ఏదని అడుగుతారేమో అనుకున్నాను. "తొందరగా మార్పించండి" అని కారెక్కి వెళ్లిపోయారు.

నాన్న నిచ్చెన ఎక్కి, బోర్డుకున్న పసుపు రంగే పూసి బాణాలు చెరిపేసి, అది ఆరేదాకా ఎండలో అలాగే నిలబడ్డారు. టీ కొట్టులోంచి ఎవరో అరిచారు, "ఏవయ్యా, నీ ఎడం చెయ్యి ఏదో ఓసారి చూపించు!" అందరూ నవ్వారు. నాన్న వెనక్కి తిరగలేదు. కొత్త బాణాలు అంగుళం తేడా రాకుండా వేసి దిగారు.

తిరిగి వచ్చేటప్పుడు మాకు జీపు లేదు. బస్సులో అడిగాను, "ఎందుకు చెప్పనివ్వలేదు నాన్నా?"

"ఆయన్ని తప్పు పడితే మళ్లీ పనిస్తాడా అమ్మా?" అన్నారు.

పని మళ్లీ ఇవ్వనే లేదు...

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు వాక్యం చదవమని ఎప్పటిలా నాన్న వైపు చూశారు. జంక్షన్ కబురు అప్పటికే పేటంతా పాకింది. నాన్న లేచి, జేబు తడుముకుని, "కళ్లజోడు మర్చిపోయానండి" అని కూర్చున్నారు.

ఆయనకి కళ్లజోడే లేదు.

ఆ తర్వాత నాన్న నలుగురిలో చదవగా నేను వినలేదు. ఇళ్లకి సున్నాలు వేస్తూ బతుకు వెళ్లదీశారు. ఇంజినీరు గారికి ప్రమోషనొచ్చిందని ఎవరో చెబితే "మంచిదే" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కోపం... ఆయన మీదో, నా మీదో తెలీదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఆకుపచ్చ బోర్డులు, మెరిసే అక్షరాలు. అన్నీ మిషన్లే చేస్తాయి. అసలు బోర్డు చదివేదెవరు... ఫోన్ చెప్పిన దారిన పోతున్నాం. అది తప్పు దారి పట్టిస్తే నాలుగు తిడతాం. ఎంత తిట్టినా దానికి అవమానం ఉండదు.

మీ ఇంట్లోనూ తమది కాని తప్పుకి నలుగురిలో తల వంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి. ఆ రోజు వాళ్ల మాట ఎవరూ వినలేదు... ఆలస్యంగానైనా మనం విందాం.